మనోవ్యాధికి మందు లేదా?



"మనోవ్యాధికి మందు లేదు" అను సామెత మన యిండ్లలో తరతరాలుగా వినబడుచున్నది. జ్వరము వచ్చినవానిని వైద్యుని వద్దకు తీసికొనిపోవుదుము. కాలు విరిగినవానికి కట్టు కట్టింతుము. మనస్సు విరిగినవానిని మాత్రము "నీకేమి లోటు? దేవుని తలచుకొని లే" అని పలికి మన పని మనము చూచుకొందుము. ఆ సామెత శాస్త్రసమ్మతమా, కాదా అని విచారించుటయే నేటి ప్రసంగ విషయము. కాదని మా నిశ్చయము. ఈ నిశ్చయమునకు మేము వచ్చుటకు చాలకాలము పట్టినది. ఆ సంగతి ముందుగా విన్నవింతుము.

1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను ఈ ప్రాంతపు పెద్దలెవ్వరును మరువలేరు. దివిసీమ, రేపల్లె, బాపట్ల ప్రాంతములు ఆనాడు అల్లకల్లోలమైనవి. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది గతించిరి. మేమప్పుడు పాఠశాలలో అధ్యయనము ముగించి వచ్చిన యౌవనములో ఉంటిమి. కొన్ని నెలల తరువాత ఒక గృహస్థు మా వద్దకు వచ్చెను. తన వారిని ఆ నీటిలో పోగొట్టుకొన్నవాడు. "పంతులుగారూ, గాలి వీస్తే చాలు, నీళ్ల హోరు వినపడుతుంది. నిద్ర పట్టదు. ముద్ద దిగదు" అనెను. మేము దేహము అనిత్యమనియు, ప్రారబ్ధము అనుభవింపక తప్పదనియు గంటసేపు బోధించితిమి. నిత్యము సహస్రనామ పారాయణము చేయుమని చెప్పి పంపితిమి. ఆయన చేతులు జోడించి వెళ్ళెను. మరల రాలేదు. ఊరు విడిచి పోయెనని తరువాత వింటిమి. మేము చెప్పినది అసత్యము కాదు. కాని ఆయన అడిగినది తత్త్వము కాదు, నిద్ర. ఆయన పలికినవి నాలుగు మాటలు, మేము పలికినవి నాలుగు వందలు. ఈ లోపము మాకు చాలకాలము తెలియలేదు.

దోషము శాస్త్రములో ఉన్నదా, మాలో ఉన్నదా అని తరువాతి కాలమున చదివినదానినే మరల చదివితిమి. ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయములో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు మనస్సు అన్నమయమని బోధించును. కుమారునకు అర్థము కాలేదు. అప్పుడు తండ్రి, "పదునైదు దినములు భుజింపకుము, నీరు మాత్రము యథేష్టముగా త్రాగుము" అని ఆదేశించెను. గడువు ముగియగానే వేదము చెప్పుమనెను. పండ్రెండేండ్లు అధ్యయనము చేసిన శ్వేతకేతువునకు ఒక్క మంత్రమును స్ఫురింపలేదు. భోజనము చేసి వచ్చిన పిమ్మట అడిగినదెల్ల చెప్పగలిగెను. ఆయన విద్య ఎక్కడికిని పోలేదు, దానిని నిలుపు బలము తగ్గినది. మా గురువులు కూడ పాఠము తడబడిన విద్యార్థిని దండించుటకు ముందు "భోజనము చేసితివా?" అని అడుగుచుండెడివారు. మనస్సు అన్నమయమైనచో దేహమువలెనే అదియు అలయును, రోగము పాలగును, చికిత్సచే కోలుకొనును. ఇందు సిగ్గుపడవలసినది ఏమున్నది?

మనస్సునకును దేహమునకును గల ఈ సంబంధమునకు గీతలోని ప్రథమాధ్యాయము మఱియొక నిదర్శనము. అర్జునుని అవయవములు సడలినవి, నోరు ఎండినది, మేను వణకినది, చర్మము మండినది, గాండీవము చేజారినది, నిలుచుటకు శక్తి చాలలేదు, మనస్సు గిరగిర తిరిగినది. నేటి వైద్యులు ఒత్తిడి అని పిలుచుదానికి లక్షణములు చెప్పుమన్నచో ఇంచుమించు ఈ పట్టికనే చెప్పుదురు. భయము కలిగినప్పుడు దేహములో అడ్రినలిన్ మొదలగు ద్రవ్యములు ఊరి, గుండె వేగము పెంచి, పోరాడుటకో పారిపోవుటకో సిద్ధము చేయును. ఆపద తొలగగానే ఆ వేగము తగ్గవలెను. తొలగిన పిమ్మటను తగ్గక నిలిచిపోయినచో నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి చెడును. ఉప్పెన తీసిపోయినను ఆ గృహస్థు చెవులలో హోరు తీయకపోవుట ఇట్టిదే. అది పిరికితనము కాదు, భక్తిలోపము కాదు. అర్జునుని పిరికివాడని ఎవరనగలరు? అర్జునుడు తన దుఃఖమును చెప్పుకొనుచున్నంతసేపు శ్రీకృష్ణుడు నడుమ ఒక్క మాటయైనను అనలేదు. ఆ విషాదమంతయు విన్న తరువాత, రెండవ అధ్యాయములోగాని స్వామి బదులు పలుకలేదు. వినుట ముందు, బోధ తరువాత. మేము ఈ క్రమమునే తలక్రిందులు చేసితిమి.

ఇక మందు సంగతి. చరకసంహిత సూత్రస్థానములో చికిత్స మూడు విధములని చెప్పబడినది. మంత్రము, హోమము, నమస్కారము మొదలైనవి దైవవ్యపాశ్రయము. ఆహారమును, ఔషధమును యుక్తితో ఏర్పరచుట యుక్తివ్యపాశ్రయము. అహితమైన విషయముల నుండి మనస్సును మరలించి నిలుపుట సత్త్వావజయము. మూడింటిని చెప్పిన మహర్షి ఒక్కదానితో సరిపెట్టుకొమ్మనలేదు. అదే గ్రంథములో ఉన్మాదమునకు ప్రత్యేకముగా నిదానమును, చికిత్సయు కలవు. ఘృతములు, కషాయములు విధింపబడినవి. మందు లేని రోగమునకు మందులు వ్రాయుదురా? కావున సామెత జనవాక్యమే గాని శాస్త్రవాక్యము కాదు. నేటి వైద్యములో మాటలతో చేయు చికిత్స సత్త్వావజయమునకు చేరువ, మాత్రలు యుక్తివ్యపాశ్రయమునకు చేరువ. పూజ మానుమని మేము చెప్పుటలేదు. పూజ పేరున వైద్యమును ఆపవలదని చెప్పుచున్నాము.

దుఃఖమెల్ల రోగమా? కాదు. ఆప్తులు పోయినప్పుడు ఏడ్చుట మానవధర్మము. రెండు వారములు దాటినను నిద్ర, ఆకలి తప్పుట, నిత్యకృత్యములయందు ఆసక్తి నశించుట, తాను పనికిరానివాడనను తలంపు వదలకుండుట, లేనిమాటలు వినబడుట వంటివి కనబడినచో వైద్యుని చూడవలెను. చావు తలంపు కలిగినచో, రెండు వారములు కాదు, ఒక్క పూటయు ఆగరాదు. దిగులునకు ఇచ్చు మందులు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. నాలుగు దినములలో నయము కాలేదని గాని, నయమైనదిగదా అని గాని, వైద్యుని అడుగక మానరాదు.

చావు తలంపు అనగానే కొందఱు చెవులు మూసికొందురు. సుందరకాండ పారాయణము చేయువారు జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. లంకయంతయు వెదకి సీతమ్మ కానరాక హనుమంతుడు సైతము ప్రాణత్యాగము తలచెను. బ్రతికియున్నవాడే శుభములు పొందునని తర్కించుకొని మరల వెదకెను. అశోకవనములో సీతమ్మయు తన జడతోనే ప్రాణము విడువ తలచినది. అప్పుడు చెట్టుకొమ్మపై ఉన్న హనుమంతుడు ఏ భాషలో పలికినచో ఈ తల్లి బెదరదు అని ఎంతయో ఆలోచించెను. నీతులు చెప్పలేదు, గద్దింపలేదు. ఆమెకు ప్రియమైన రామకథను మెల్లగా ఆరంభించెను. కష్టములో ఉన్నవారితో మాటలాడు విధమునకు ఇంతకు మించిన పాఠము మాకు తెలియదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము సైతము ఆత్మహత్యాయత్నము చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావింపవలెనని చెప్పి, వారికి సంరక్షణ కల్పించు బాధ్యతను ప్రభుత్వముపై ఉంచినది.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను మన బాపట్ల సమీపముననే తీరము దాటినది. కోతకు వచ్చిన వరి నీట మునిగినది. కౌలు చెల్లింపవలసినవాని గుండెలో ఏమి మునిగెనో ఏ లెక్కలలోను కనబడదు. అట్టివాడు మాటాడుట మానినచో, ప్రొద్దుపోయినను గట్టుపైననే కూర్చుండిపోయినచో, "ఏమిరా, భోంచేసితివా?" అని దగ్గర కూర్చుండుడు. వినుడు. అవసరమైనచో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని మానసిక వైద్య విభాగమునకు తోడుగా వెళ్ళుడు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. వైద్యునికి గాని, ఫోనులోని వారికి గాని చెప్పుకొనుట కుటుంబపరువు తీయుట కాదు.

భావనారాయణస్వామి పేరిట ఇది భావపురియై, కాలక్రమమున బాపట్లయైనదని పెద్దలు చెప్పుదురు. భావమెఱిగిన స్వామి ఊరిలో ఒకరి భావము ఒకరికి తెలియకుండుట తగదు. ఆనాటి గృహస్థు నేడు మా గుమ్మము త్రొక్కినచో ముందు పీట వేసి, మంచినీరిచ్చి, ఆయన చెప్పినంతసేపు విందుము. పిమ్మట వైద్యుని వద్దకు వెంట వెళ్ళుదుము. ఆ తరువాతనే, ఆయన కోరినచో, సహస్రనామము కలసి చదువుదుము.

శుభమస్తు.