టీకా మందుల నిల్వలపై నిరంతర నిఘా - ఈ-మెయిల్ హెచ్చరికల అమరికలో పాటించవలసిన జాగ్రత్తలు

పసిపిల్లలకు ఇచ్చే టీకా మందులు తయారైన చోటు నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరకు నిర్దేశిత శీతల స్థితిలోనే ఉండాలి. 1985లో ప్రారంభమైన సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద ఆరోగ్య కేంద్రాలలోని ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్లలో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలన్నది నియమం. సిబ్బంది రోజుకు రెండు పర్యాయాలు ఉష్ణోగ్రతను పరిశీలించి రిజిస్టరులో నమోదు చేస్తారు. అయితే రాత్రివేళల్లోను, సెలవు దినాలలోను సంభవించే మార్పులు ఈ పరిశీలనకు అందకపోవచ్చు. నెట్‌వర్కుకు అనుసంధానించిన ఉష్ణోగ్రత నమోదు పరికరాలు ఈ లోటును పూరిస్తాయి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2015లో యు.ఎన్.డి.పి. సహకారంతో ప్రవేశపెట్టిన ఈ-విన్ వ్యవస్థలోనూ ఇటువంటి పరికరాలను వినియోగించారు.

కంటికి కనిపించని నష్టం

వేడి తగిలితే టీకా సీసాపై ఉండే సూచిక రంగు మారుతుంది. గడ్డకట్టిన విషయాన్ని మాత్రం ఆ సూచిక తెలుపదు. హెపటైటిస్-బి, పెంటావాలెంట్, టి.డి. టీకాలు ఒకసారి గడ్డకడితే తిరిగి కరిగినా వాటి శక్తి తిరిగిరాదు. తెల్లవారేసరికి థర్మామీటరు సరైన అంకెనే చూపవచ్చు. బిడ్డకు అందేది మాత్రం పనిచేయని మందు.

హద్దుల నిర్ణయం

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు మించి వరుసగా 10 గంటలు ఉన్నా, మైనస్ 0.5 డిగ్రీలు లేదా అంతకన్న తక్కువలో 60 నిమిషాలు ఉన్నా పరికరం అలారం ఇవ్వాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ హెచ్చరిక వెలువడితే సిబ్బంది వాటిని పట్టించుకోవడం మానివేస్తారు. అందుకే హద్దుతోపాటు వ్యవధిని కూడా నిర్ణయించారు.

మెయిల్ అమరిక

పరికరంలో మెయిల్ సర్వరు పేరు, పోర్టు సంఖ్య, పంపే ఖాతా, పాస్‌వర్డు, అందుకునేవారి చిరునామాలు నమోదు చేయాలి. 25వ పోర్టును పలు ఇంటర్నెట్ సంస్థలు అడ్డుకుంటాయి గనుక భద్రత గల 587 లేదా 465 పోర్టును ఎంచుకోవాలి. గూగుల్ సంస్థ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలలో సాధారణ పాస్‌వర్డుతో ఇటువంటి పరికరాల ప్రవేశాన్ని నిలిపివేసింది. రెండంచెల ధ్రువీకరణ అనంతరం లభించే ప్రత్యేక యాప్ పాస్‌వర్డునే వాడవలసి ఉంటుంది. పాత అమరికను మార్చని పరికరం ఉష్ణోగ్రతను నమోదు చేస్తూనే ఉంటుంది. హెచ్చరిక మాత్రం గడప దాటదు. పరికరంలోని తేదీ, సమయం కూడా సరిగా ఉండాలి.

విద్యుత్తు నిలిచినప్పుడు

విద్యుత్తు పోతే రిఫ్రిజిరేటరుతోపాటు మోడెమ్ కూడా ఆగిపోతుంది. హెచ్చరిక అత్యవసరమైన వేళనే మార్గం మూసుకుపోతుంది. కావున పరికరానికి, మోడెమ్‌కు బ్యాటరీ ఆధారం కల్పించాలి. అన్నీ సవ్యంగా ఉన్నట్లు ప్రతిరోజూ నిర్ణీత సమయానికి ఒక మెయిల్ వచ్చేలా అమర్చాలి. ఆ మెయిల్ రాకపోవడమే ఒక హెచ్చరికగా పరిగణించాలి.

ఎవరికి అందాలి

హెచ్చరికలు వ్యక్తుల పేర్లతో గాక హోదా పేరిట గల చిరునామాలకు, కనీసం ఇద్దరికి చేరాలి. అధికారి బదిలీ అయినా సమాచారం ఆగదు. రాత్రివేళ మెయిల్ చూసేవారు అరుదు కనుక సదుపాయం ఉన్నచోట ఎస్.ఎం.ఎస్.ను కూడా జోడించడం మేలు. హద్దును, వ్యవధిని తాత్కాలికంగా తగ్గించి నెలకొకసారి అలారంను పరీక్షించి, వెంటనే యథాస్థితికి తేవాలి.

హెచ్చరిక అందిన వెంటనే టీకాలను సరైన ఉష్ణోగ్రత గల వేరొక రిఫ్రిజిరేటరుకు గాని కోల్డ్ బాక్సుకు గాని తరలించాలి. అప్పుడే ఫ్రీజరు నుంచి తీసిన ఐస్ ప్యాకులను నేరుగా సీసాల పక్కన ఉంచరాదు. గడ్డకట్టినట్లు అనుమానమున్న సీసాలను వేరుచేసి, తగు పరీక్ష జరిగి అధికారులు నిర్ణయించే వరకు పిల్లలకు వేయరాదు. హెచ్చరిక అందిన సమయాన్ని, తీసుకున్న చర్యను రిజిస్టరులో నమోదు చేయాలి.