యువజన ఆరాధనలో మీ బిడ్డకూ చోటు



ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లే రోజున మీ మనసులో ఒక ప్రశ్న ఉండవచ్చు: "మా అమ్మాయిని యవ్వనస్థుల కూటానికి పంపవచ్చా? మధ్యలో ఫిట్స్ వస్తే ఏమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" డాక్టరుగారు అభ్యంతరం చెప్పనంతవరకు తప్పక పంపండి. అయితే కూటాన్ని ఏర్పాటు చేసేవారు కొన్ని సంగతులు ముందే ఆలోచించుకోవాలి. వాటిని వారికి తెలియజేయవలసింది మీరే.

పని అప్పగించమనండి

1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణంలో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే సంఘకాపరి క్రిస్టియన్ ఎండీవర్ సమాజాన్ని ప్రారంభించారు. ప్రతి సభ్యుడూ కూటంలో ఏదో ఒక భాగం తీసుకోవాలన్నది దాని ముఖ్య నియమాల్లో ఒకటి. యవ్వనస్థులు గంటన్నర ఊరకే కూర్చుంటే విసుగు చెందుతారు. చేతిలో పని ఉంటే ఆసక్తితో వస్తారు. మీ బిడ్డ నిలబడి పాడలేకపోతే కూర్చొని వాక్యం చదవవచ్చు, పాటలు ఎంపిక చేయవచ్చు, ప్రార్థన విన్నపాలు రాసి ఉంచవచ్చు. జబ్బు మనిషిగా వెనుక వరుసలో కూర్చోబెట్టవద్దని చెప్పండి.

వేళలు, ఉపవాసాలు

ఫిట్స్ ఉన్నవారికి నిద్ర తక్కువైతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి రాత్రంతా జరిగే ప్రార్థనకు బదులు సాయంకాలపు కూటం పెట్టమని కోరండి. మిణుకు మిణుకుమనే రంగుల లైట్లు కూడా కొందరికి పడవు.

ఇన్సులిన్ తీసుకునే పిల్లలు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. ఇన్సులిన్ తమంతట తాముగా మానకూడదు. ఒళ్లు చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

క్షయకు మందులు వాడుతున్న బిడ్డ ఎప్పటి నుండి నలుగురిలో కలవవచ్చో డాక్టరు చెబుతారు. ఆ తర్వాత వేరే కుర్చీ, వేరే గ్లాసు అవసరం లేదు. క్షయ గిన్నెల ద్వారా అంటుకోదు.

ఇద్దరికైనా తెలిసి ఉండాలి

మీ బిడ్డ అనుమతితో సంఘకాపరిగారికి, యువజన నాయకుల్లో ఒకరికి జబ్బు సంగతి చెప్పండి. అందరికీ చాటనక్కరలేదు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకూడదు. గట్టిగా అదిమి పట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

సాక్ష్యం చెప్పమని ఒత్తిడి వద్దు

"స్వస్థత కలిగిందని చెప్పు" అని వేదిక మీదికి పిలిస్తే, పిల్లలు మొహమాటానికి చెప్పి, ఇంటికి వచ్చి మాత్రలు మానేసే ప్రమాదం ఉంది. ప్రార్థన చేయండి, మాత్రలు కూడా వేయించండి. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

మనసు విప్పే సమయం

పరీక్షల భయం, ఒంటరితనం, చనిపోవాలనే తలంపు వంటి విషయాలు మాట్లాడుకునే కూటం అప్పుడప్పుడు పెట్టమనండి. ప్రశ్నలు పేరు లేకుండా చీటీల మీద రాసి పెట్టెలో వేస్తే పిల్లలు జంకరు. అటువంటి తలంపులున్నవారిని ఒంటరిగా విడిచిపెట్టకండి. టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

పక్షవాయువుగల ఒకనిని నలుగురు మోసుకొనివచ్చి, గుంపు అడ్డు రాగా ఇంటి పైకప్పు విప్పి దించిన సంగతి మీకు తెలుసు. వారు అతనిని బయట విడిచి తాము మాత్రమే లోపలికి వెళ్లలేదు. మీ బిడ్డకు కూడా అటువంటి నలుగురు స్నేహితులు కావాలి. ఈ ఆదివారం ఆరాధన ముగియగానే యువజన నాయకునితో ఐదు నిమిషాలు మాట్లాడండి. ఈ పుస్తకం కూడా ఆయన చేతికి ఇవ్వండి.