ల్యాప్‌టాప్ కొనబోవు రైతులకు కొన్ని సూచనలు

ఎద్దును కొనబోవునపుడు మనము పండ్లు లెక్కించి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి గాని బేరమాడము. ల్యాప్‌టాప్ విషయములో మాత్రము పైరంగును, ధరను చూచి ఇంటికి తెచ్చుకొనుచున్నాము. ఏడాది తిరుగక మునుపే అది నత్తనడక నడచిన, తప్పు యంత్రముది కాదు, మన ఎంపికది.

నెల్లూరు జిల్లాలో సముద్రపు టొడ్డుననున్న జువ్వలదిన్నెలో రెండు రొయ్యల చెరువులు గల ఒక రైతు ఉన్నాడనుకొందము. కుమార్తె కావలిలో కాలేజీ చదువుచున్నది. ఇంటికంతకు ఒకటే ల్యాప్‌టాప్. పగలు దానిలో మేత లెక్కలు, నీటి ఉప్పదనము, ప్రాణవాయువు కొలతలు వ్రాయవలెను. రాత్రి ఆ పిల్ల పాఠములు చదువవలెను. చేతిలోని సొమ్ము పరిమితము. ఆయన నిర్ణయించుకొనవలసినవి మూడు.

గాదె వంటిది నిల్వ

పంట గాదెలో ఉన్నట్లు మన లెక్కలు, ఫొటోలు, పాఠములు నిల్వలో ఉండును. కరెంటు పోయినను చెరగవు. ఇందు రెండు రకములు ముఖ్యమైనవి. హార్డ్ డిస్కులో పళ్ళెములు గిరగిర తిరుగుచుండును. చెరువు గట్టు మీద మోటారు సైకిలు కుదుపులు దానికి హాని చేయవచ్చును. ఎస్‌ఎస్‌డీలో తిరుగు భాగమేదియు లేదు. పని కూడ ఎన్నో రెట్లు వేగముగా జరుగును. కనుక పరిమాణము తగ్గినను ఎస్‌ఎస్‌డీనే కోరుకొనుడు.

ఎంత కావలెను? ఒక పంటకాలపు చెరువు లెక్కలన్నియు కలిపినను సాధారణముగా ఒక్క ఫొటో పట్టునంత చోటు కూడ పట్టవు. చోటు తినునవి ఫొటోలు, వీడియోలు. లెక్కలకు, చదువుకు 256 జీబీ చాలును. వీడియోలు దాచువారికి 512 జీబీ మేలు. చౌకగా వచ్చు 64 జీబీ రకము వలదు. విండోస్ 11కు కనీసము కావలసినదే 64 జీబీ. ఇక మన పంటకు చోటెక్కడ?

512 అని కొన్నది విండోస్‌లో 476గా కనబడిన దుకాణదారుతో తగవు పడకుడు. తయారీదారు వేయి చొప్పునను, విండోస్ 1024 చొప్పునను లెక్కించుటయే ఆ తేడాకు కారణము.

కళ్ళము వంటిది మెమరీ

గాదె ఎంత పెద్దదైనను కళ్ళము చిన్నదైన నూర్పిడి సాగదు. జరుగుచున్న పనిని యంత్రము పరచుకొను చోటు మెమరీ. అది నిండినపుడు పనలను గాదెకు మోయుచు, తిరిగి తెచ్చుచు కాలము గడుపును. మనకు కనబడు నత్తనడక చాలవరకు ఇదియే. కరెంటు ఆగిన కళ్ళము ఖాళీ యగును. కనుక చేసిన పనిని ఎప్పటికప్పుడు భద్రపరచుకొనవలెను.

విండోస్ 11కు కనీసము 4 జీబీ అని చెప్పుదురు. అది యంత్రము నిలబడుటకే గాని నడచుటకు కాదు. లెక్కలకు, పాఠములకు 8 జీబీ కావలెను. ప్రోగ్రాములు వ్రాయుట, వీడియోలు కూర్చుట నేర్చుకొను విద్యార్థికి 16 జీబీ మంచిది.

ఇచ్చట ఒక ముఖ్య విషయము. అనేక ల్యాప్‌టాపులలో మెమరీని బోర్డుకు అతికించియే ఇచ్చుచున్నారు. తర్వాత పెంచుటకు వీలుండదు. నిల్వ చాలనపుడు బయట డిస్కు తగిలించుకొనవచ్చును. కనుక సొమ్ము ఒకదానికే సరిపోవునపుడు, తర్వాత మార్చలేని దానికే ముందు వెచ్చించుడు.

మేస్త్రీ వంటిది ఆపరేటింగ్ సిస్టమ్

పనివాండ్రందరిని నడుపు మేస్త్రీ ఇది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత ల్యాప్‌టాపు కొనువారు అది విండోస్ 11కు తగినదా యని ముందే విచారించవలెను. 'డాస్' అని వ్రాసి తక్కువ ధరకు అమ్మువానిలో విండోస్ ఉండదు. దాని వెల కలుపుకొని బేరము చూడుడు. ఉబుంటు వంటి లినక్సు ఉచితము. లెక్కలకు, ఉత్తరములకు, తెలుగు టైపుకు చక్కగా సరిపోవును. కాని టాలీ ప్రైమ్ వంటివి విండోస్ కొరకు చేసినవి. కాలేజీలో ఏ ప్రోగ్రాములు అడుగుదురో తెలిసికొనిన పిదపనే నిర్ణయించుడు.

విత్తనము ఒకేచోట దాచరాదు

ఎస్‌ఎస్‌డీ కూడ ఒక్కొక్కప్పుడు ముందు హెచ్చరిక లేకయే చెడును. తీరమున ఉప్పుగాలి యంత్రములకు శత్రువు. చెరువు గట్టు పాకలో ల్యాప్‌టాపును వదలిపెట్టకుడు. వారమునకొకసారి లెక్కలను వేరొక డిస్కులోనికి నకలు తీసి, దానిని వేరుగా దాచుడు. యంత్రము పోయిన మరియొకటి కొనవచ్చును. ఏ ఉప్పదనమున ఏ మేతకు రొయ్య ఎట్లు పెరిగినదో చెప్పు మూడు పంటల లెక్కలను ఏ దుకాణములోను కొనలేము.

దుకాణమునకు పోవునపుడు ఈ నాలుగు ప్రశ్నలు కాగితముపై వ్రాసికొని పొండు: నిల్వ ఎస్‌ఎస్‌డీయేనా? మెమరీ ఎంత? పెంచుటకు వీలున్నదా? విండోస్ వెల ఇందులో కలిసినదా? జవాబులను రసీదుపై వ్రాయించుకొనుడు. అటుపిమ్మటనే సొమ్ము చెల్లించుడు.