గాజుతొట్టెలో కలసి బ్రతికే రంగుచేపలు: ఎంపికలో మెలకువలు

రంగుచేపల పెంపకానికి, విక్రయానికి బ్యాంకు ఋణం పొందిన సోదర సోదరీమణులకు తరచు ఎదురయ్యే సమస్య ఒకటి ఉన్నది. దుకాణంలో చురుకుగా తిరిగిన చేపలు కొనుగోలుదారుని ఇల్లు చేరిన కొద్దిరోజులకే ఒక్కొక్కటిగా చనిపోతాయి. నీరు మంచిది కాదనో, మేత సరిపడలేదనో అనుకుంటారు. అనేక సందర్భాలలో అసలు కారణం వేరు. ఒకే తొట్టెలో కలసి బ్రతకలేని జాతులను కలిపి అమ్మటమే ఆ పొరపాటు. ఒకసారి నష్టపోయిన వ్యక్తి మరల మీ దుకాణం మెట్లెక్కడు. మరల మరల వచ్చే కొనుగోలుదారులపైనే మీ ఋణవాయిదాల చెల్లింపు ఆధారపడి ఉన్నదని మరువకండి.

నీటి స్వభావం

మొదట మీ ప్రాంతపు నీటిని తెలుసుకోండి. మన గ్రామాలలో బోరునీరు సాధారణంగా కఠినజలం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే పిల్లలను కనే చేపలు ఇటువంటి నీటిలో బాగా రాణిస్తాయి. వీటికి పి.హెచ్. 7 నుండి 8 వరకు అనుకూలం. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానికి చెందిన నియాన్ టెట్రాలకు కొద్దిగా ఆమ్లగుణం గల మృదుజలం కావాలి. ఈ రెండు వర్గాలనూ ఒకే తొట్టెలో ఉంచితే ఏదో ఒక వర్గం క్షీణించక తప్పదు.

ఉష్ణోగ్రత కూడా ముఖ్యమే. ఉష్ణమండలపు చేపలలో అధికభాగం 24 నుండి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య సుఖంగా ఉంటాయి. గోల్డ్ ఫిష్ చల్లని నీటిని కోరేది. పైగా అధికంగా మలినాలు విసర్జిస్తుంది. కనుక దానిని వేరుగానే ఉంచవలెను.

స్వభావం, పరిమాణం

పెద్దచేప నోటిలో పట్టే చిన్నచేప దానికి ఆహారమే. రూపాయి బిళ్ళంత ఉన్నపుడు ఏంజెల్ చేప సాధుజంతువువలె కనిపిస్తుంది. ఎదిగిన పిమ్మట అదే చేప నియాన్ టెట్రాలను మింగివేస్తుంది. ఆస్కార్ సుమారు 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది; చిన్నచేపల తొట్టెలో దానికి స్థానం లేదు.

టైగర్ బార్బ్‌లు పొడవైన వాజాలను కొరుకుతాయి. వాటిని ఏంజెల్, గప్పీ, ఫైటర్ చేపలతో కలుపరాదు. మగ ఫైటర్లు రెండింటిని ఒకచోట ఉంచితే తీవ్రంగా పోరాడుకుంటాయి. జీబ్రా డానియో, టెట్రా, కోరిడోరాస్ వంటివి గుంపులో బ్రతికే చేపలు. కనీసం ఆరింటిని కలిపి అమ్మండి. పిల్లలను కనే చేపలలో ఒక మగచేపకు రెండు లేక మూడు ఆడచేపలు ఉండటం మేలు. లేనిచో మగచేపలు ఆడచేపలను వెంబడించి అలసట పాలుచేస్తాయి.

ఒక ఉదాహరణ

3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు గల తొట్టె తీసుకుందాం. ఇందులో సుమారు 127 లీటర్ల నీరు పట్టును. ఇసుక, పైభాగపు ఖాళీ పోగా మిగిలేది సుమారు 100 లీటర్లు. ఓ మోస్తరు కఠినత గల నీటిలో, వడపోత సాధనం ఉన్నచో, ఈ తొట్టెకు పైభాగంలో 8 జీబ్రా డానియోలు, మధ్యభాగంలో 6 ప్లాటీలు, అడుగున 6 కంచురంగు కోరిడోరాస్‌లు చాలును. మూడు వర్గాలు మూడు మట్టాలలో తిరుగుతాయి కనుక పోటీ తగ్గుతుంది. జీబ్రా డానియో మన దేశపు నదులలో, వాగులలో సహజంగా లభించే చేపే కావటం విశేషం.

అన్నింటినీ ఒకేరోజున వదలరాదు. క్రొత్త తొట్టెలో చేపల విసర్జనలనుండి వెలువడే అమ్మోనియాను మార్చే మేలుచేసే సూక్ష్మజీవులు వృద్ధి చెందటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ముందుగా కొద్ది చేపలతో ప్రారంభించి, క్రమంగా పెంచవలెను. వారానికొకసారి నాలుగవవంతు నీటిని మార్చమని కొనుగోలుదారునికి చెప్పండి.

విక్రేతలు పాటించవలసినవి

క్రొత్తగా వచ్చిన చేపలను రెండు మూడు వారాలు వేరుతొట్టెలో ఉంచి, వ్యాధిలక్షణాలు లేవని నిర్ధారించుకొన్న పిమ్మటనే అమ్మకానికి పెట్టండి. ప్రతి తొట్టెపై చేప పేరు, అది పెరిగే పరిమాణం, దానితో కలుపదగిన, కలుపరాని జాతులు తెలుగులో వ్రాసి అంటించండి. కొనుగోలుదారుని వద్ద ఇదివరకే ఏ చేపలున్నవో అడగకుండా అమ్మవద్దు.

సక్కర్ చేప విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. నాచు తింటుందని కొన్న ఈ విదేశీచేప అడుగుకు మించి పెరిగి, తొట్టెలో ఇమడదు. విసిగి చెరువులలో, కాలువలలో వదిలినవి అక్కడే సంతతి పెంచుకొని, వలలు చింపుతూ మత్స్యకారులకు నష్టం కలిగిస్తున్నాయి. పెంచలేని చేపను తిరిగి మీకే అప్పగించమని చెప్పండి.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రంగుచేపల యూనిట్లకు కూడా సహాయం చేర్చబడినది. ప్రస్తుత నిబంధనలను మత్స్యశాఖ కార్యాలయంలోను, మీ బ్యాంకు శాఖలోను విచారించండి. అయితే సహాయధనం యూనిట్ నెలకొల్పటానికి మాత్రమే ఉపకరిస్తుంది. దానిని నిలబెట్టేది మీరు అమ్మిన చేప కొనుగోలుదారుని ఇంట క్షేమంగా బ్రతకటమే. ఈ సంగతి గుర్తుంచుకొని, ఇచ్చే ప్రతి చేపకూ తగిన సలహాను జతచేసి ఇవ్వండి.