మొదట చెప్పేది స్నేహితురాలికే

కుమారులు సైన్యంలో ఉన్న కుటుంబాలవారికి కంటోన్మెంటు అంటే ఏమిటో కొంత తెలుసు. గేటు దగ్గర కాపలా, లోపలే బడి, ఆసుపత్రి, దుకాణం, చర్చి. అమెరికా సైనిక స్థావరాలు కూడా అటువంటి ఊళ్ళే. బయటివాడు లోపలికి రాలేడు గనుక పిల్లలు క్షేమమని అక్కడి తల్లిదండ్రులు అనుకుంటారు. కాని పిల్లలకు ఈ అపాయం ఎక్కువగా తెలిసినవారి వలననే వస్తుంది. తెలిసినవారిని కాపలావాడు ఆపడు గదా!

స్థావరంలో ఇంకొక చిక్కు ఉన్నది. అత్యాచారం చేసినవాడు నాన్నగారి పై అధికారి కొడుకైతే ఆ అమ్మాయి ఎవరితో చెప్పుకోవాలి? నాన్న ఉద్యోగానికి ఏమౌతుందోనని నోరు మూసుకుంటుంది. మగపిల్లల సంగతి మరీ కష్టం. వారిమీద కూడా ఇటువంటివి జరుగుతాయంటే పెద్దలే నమ్మరు.

2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఈ విషయం బయటపెట్టింది. 2007 నుండి ఆ స్థావరాలలో పిల్లలే పిల్లలపై చేసిన లైంగిక దాడుల కేసులు దాదాపు 600 లెక్కకు వచ్చాయి. సైనిక చట్టం సైనికులకే గాని వారి పిల్లలకు వర్తించదు. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు చాలా కేసులు చేపట్టలేదు. అవి అలాగే మూలబడ్డాయి. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెసు చట్టం చేసి, సైన్యంలోని కుటుంబ సంక్షేమ విభాగం ఇటువంటి పిల్లల బాధ్యత తీసుకోవాలని ఆదేశించింది.

చట్టం వచ్చినా, పదిహేనేళ్ళ పిల్ల ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇవ్వదు. చాలాసార్లు తల్లికీ చెప్పదు. పక్క బెంచీ స్నేహితురాలికి చెబుతుంది. అందుకే యౌవనస్థులను ఈ పనిలోనికి తీసుకోవాలి. ఏటా ఏప్రిల్ నెలను అక్కడ లైంగిక దాడులపై అవగాహనకు కేటాయిస్తారు. ఆ నెలలో జరిగే డెనిమ్ డే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. 1992లో ఇటలీలో 18 ఏళ్ళ అమ్మాయిని డ్రైవింగు నేర్పేవాడు చెరిచాడు. బిగుతు జీన్స్ ఆమె సహాయం లేకుండా ఊడదంటూ అక్కడి అత్యున్నత న్యాయస్థానం అతని శిక్షను కొట్టివేసింది. 1999లో ఆ తీర్పు బయటికి రాగానే మహిళా పార్లమెంటు సభ్యులు జీన్స్ తొడుక్కొని నిరసన తెలిపారు. ఆ ఏడాదే లాస్ ఏంజిల్స్‌లో డెనిమ్ డే మొదలైంది. తాము రోజూ వేసుకునే బట్టనే నేరానికి సాకు చేశారని తెలిస్తే ఏ పిల్లకైనా కోపం వస్తుంది. రావలసిందే.

అయితే రిబ్బన్లు పంచి, ఫోటోలు దిగి ఇంటికి పోతే లాభమేమి? స్నేహితురాలు ఏడుస్తూ చెప్పినప్పుడు ఏమి చేయాలో పిల్లలు నాటికలా ఆడి నేర్చుకోవాలి. ముందు నమ్మాలి. “అక్కడికెందుకు వెళ్ళావు?” అని అడుగకూడదు. “ఎవరికీ చెప్పను” అని ఒట్టు వేయకూడదు, ఆ ఒట్టు నిలుపుకోలేము. తగవుకు పోకూడదు, బడి అంతా చాటకూడదు. ఆమె చెయ్యి పట్టుకొని నమ్మకమైన ఒక పెద్దమనిషి దగ్గరకు తీసుకెళ్ళాలి. ఆ పెద్దమనిషి ఎవరన్నది ముందే తెలిసి ఉండాలి. పద్దెనిమిది నిండినవారికి సైన్యంలో లైంగిక దాడుల సహాయ విభాగం వేరే ఉన్నది. చిన్నవారిని కుటుంబ సంక్షేమ విభాగం చూస్తుంది. ఈ తేడా పెద్దలకే సరిగా తెలియదు, పిల్లలకెలా తెలుస్తుంది? కాబట్టి పిల్లలు వేసే పోస్టరు మీద బొమ్మ చిన్నదైనా ఫరవాలేదు. ఏ గదికి వెళ్ళాలో, లోపల ఎవరుంటారో పెద్ద అక్షరాలతో వ్రాయించండి.