అల్లిక సూదులు

అల్లిక సూదులు ఊలు లేదా నూలు దారముతో స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్ళు మొదలైనవి అల్లుటకు వాడే పొడవాటి పుల్లలు. కుట్టుసూదికి వలె వీటికి బెజ్జము ఉండదు. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడీ స్త్రీలు అద్దాలు, పూసలు పొదిగి చేసేది బెజ్జము గల సూదితో చేసే కుట్టుపని, అది వేరు. దక్షిణ తెలంగాణలో కురుమలు తయారుచేసే గొంగడి కూడా మగ్గముపై నేసినదే కాని అల్లినది కాదు. దక్కనీ గొర్రె ఉన్ని ముతకది, స్వెట్టర్లకు అంతగా పనికిరాదు. అంగళ్ళలో ఊలు పేరుతో దొరికేది చాలావరకు యాక్రిలిక్ దారము.

పదార్థము

ఉక్కు సూదులు గట్టివి, నునుపైనవి. కుట్లు త్వరగా జారుతాయి కాబట్టి చేయి తిరిగినవారికి వేగము వస్తుంది. అయితే లావు సైజులలో బరువెక్కువ. అల్యూమినియం సూదులు తేలిక. ప్లాస్టిక్ సూదులు చౌక, కాని సన్ననివి వంగిపోతాయి. కొత్తగా నేర్చుకొనేవారికి వెదురు సూదులు మేలు. అవి దారమును కొద్దిగా పట్టి ఉంచుతాయి కనుక కుట్లు జారిపోవు. ఎండాకాలములో 40 డిగ్రీలు దాటే చోట, చెమట పట్టిన చేతికి లోహము కన్నా వెదురే హాయి. పీచు లేస్తే సన్నని గరుకు కాగితముతో రుద్దవలెను.

రకములు

ఒక కొనకు గుండీ ఉండే జత సూదులు అందరికీ తెలిసినవే. వీటిలో అల్లిక బరువంతా మణికట్టుపై పడుతుంది. రెండు పొట్టి సూదులను నైలాను తీగతో కలిపిన వలయ సూదులలో ఆ బరువు ఒడిలో ఉంటుంది. కీళ్ళ నొప్పులున్న పెద్దలకు ఇవి అనుకూలము. గుండ్రని అల్లికకే కాక బల్లపరుపు అల్లికకు కూడా వీటిని వాడవచ్చును. మేజోళ్ళకు, చేతి తొడుగులకు రెండు వైపులా మొన గల సూదులు నాలుగైదు కావలెను.

కొలతలు

పాత బ్రిటిషు పద్ధతిలో అంకె పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది: 8వ నెంబరు 4 మి.మీ., 10వది 3.25 మి.మీ., 14వది 2 మి.మీ. అమెరికా పద్ధతి దీనికి తలక్రిందులు; అక్కడ 8 అంటే 5 మి.మీ. అమెరికా పుస్తకము చూసి బ్రిటిషు 8తో అల్లితే పిల్లవాడి స్వెట్టరు తల దూరనంత బిగువుగా రావచ్చును. కనుక మిల్లీమీటర్లనే నమ్ముట మంచిది. లావు దారమునకు సన్న సూది వాడితే పట్టు బిగించవలసి వచ్చి వేళ్ళు లాగుతాయి.

కొక్కెపు సూది

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము లేసు రెండు సూదులతో కాక, కొన వంగిన ఒకే క్రోషే సూదితో అల్లబడుతుంది. 19వ శతాబ్దములో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇళ్ళలో కూర్చొని అల్లే స్త్రీలకు దక్కే స్వల్ప కూలిని గూర్చి మరియా మీస్ 1982లో ఒక గ్రంథము ప్రచురించినది. సన్నని నూలుకు సన్నని ఉక్కు కొక్కెము తప్పదు; గంటల తరబడి దానిని వేలికొనలతో నొక్కిపట్టుట వలన బొటనవేలి మొదలు నొప్పి పుట్టవచ్చును. కొక్కెము సన్నగానే ఉండి పిడి మాత్రము లావుగా, మెత్తగా ఉన్న సూదులు ఇందుకు తగినవి.