మనోవృత్తులను దెలుపు నాంగ్లపదములు

ఆంగ్లభాషయందు ఫీలింగు, ప్యాషను, ఎమోషను, సెంటిమెంటు, ఐడియా అను పదములు మనోవృత్తులను దెలుపునవి. తెలుఁగు చేయువారు వీని కన్నిటికిని దఱచుగా "భావము" అను నొక్క మాటనే వాడుచున్నారు. పాఠశాలలలోఁ బద్యతాత్పర్యము వ్రాయుటయు "భావము" వ్రాయుటయే. ఒక్క పద మిన్ని యర్థములను మోయుటచే మూలగ్రంథకర్తల వాదమే చెడు తావులు గలవు. కావున వీని భేదము నెఱుఁగుట యావశ్యకము.

ఫీలింగు అనుటకు మొదట స్పర్శజ్ఞాన మని యర్థము. చలి, నొప్పి, సంతోషము, దిగులు మొదలుగాఁ దనకుఁ దెలియవచ్చు నే యనుభవమునకైనను అది చెల్లును. ప్యాషను అట్టిది కాదు. అది సహించుట యను నర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది. రోగిని దెలుపు పేషెంటు శబ్దమునకును అదియే మూలము. క్రీస్తు పడిన బాధలకును అదే పేరు. మనుష్యుఁడు తాను జేయునది గాక, తనపైఁ బడి తన్ను లోఁగొను వృత్తి యని దాని స్వారస్యము.

ఎమోషను వీనికంటె నర్వాచీనము. వెలికిఁ గదల్చుట యను లాటిను మూలమునుండి ఫ్రెంచిభాష ద్వారా వచ్చినది. 1603లో మాంటేను వ్యాసముల నాంగ్లీకరించిన జాన్ ఫ్లోరియో తన పీఠికలో దీనిని వింతగాఁ దోఁచు మాటలలో నొకటిగాఁ బేర్కొనెను. తొలుత జనులలోఁ బుట్టు నలజడికిని ఈ పేరు చెల్లెను. అగస్టీను, అక్వినాసు మొదలగు తత్త్వవేత్తలు ఉద్ధతములగు వృత్తులను, బుద్ధి కనుకూలములగు ప్రశాంతవృత్తులను వేఱువేఱుగాఁ జూచిరి. ఆంగ్లమున మొదటివి ప్యాషనులు, రెండవవి అఫెక్షనులు. ఎడింబరో యాచార్యుఁడు టామస్ బ్రౌను, 1820లో నచ్చుపడిన యుపన్యాసములలో, ఆ రెంటిని ఎమోషను అను నొక్క పేరిటఁ జేర్చెను. అంతట లోభమును దయయు నొక్క తెగలోనివే యయ్యెను.

సెంటిమెంటునం దనుభూతితోపాటు తీర్పును గలదు. 1759లో ఆడం స్మిత్తు నీతినిగూర్చి ప్రకటించిన గ్రంథము పేరిలో నీ శబ్ద మున్నది. పరుల నడవడిని జూచి మెచ్చుటయు నిరసించుటయు నచట దీని యర్థము. ఆలంకారికులు చెప్పిన రసమును గొంద ఱాంగ్లపండితులు సెంటిమెంటు అని యనువదించిరి. రసము సహృదయుని యాస్వాదమే కాని తీర్పు గాదు. కావున స్మిత్తు చెప్పిన సెంటిమెంటును రస మనుట పొసఁగదు.

ఐడియా గ్రీకుపదము, చూడఁబడు రూప మని మూలార్థము. లాకు తన 1690 నాఁటి గ్రంథమున, తలపోయునపుడు మనస్సునకు విషయ మగు నెల్లదానిని ఐడియా యనెను. హ్యూము 1739లో దాని యర్థమును సంకోచింపఁజేసెను. మనస్సునఁ దోఁచువాని నాతఁడు ఇంప్రెషనులు, ఐడియాలు అని రెండుగా విభజించి, ప్యాషనులను మొదటి తెగలోఁ జేర్చెను. వాని ఛాయలగు తలఁపులే ఐడియాలు. కోపము ఇంప్రెషను, నిన్నటి కోపమును దలఁచుకొనుట ఐడియా. రెంటికిని "భావము" అని వ్రాసినచో నాతని విభాగమే నశించును.

భావశబ్దమునకు స్వకీయమగు శాస్త్రము కలదు. భరతుఁడు స్థాయిభావములు 8, సాత్త్వికములు 8, వ్యభిచారులు 33, వెరసి 49 భావములను జెప్పెను. వ్యభిచారులలో మతి, స్మృతి, వితర్కము తలఁపులు. నిద్ర, వ్యాధి, మరణము దేహదశలు. కావ్యార్థమును భావింపఁజేయునవి భావములని యాతని నిర్వచనము. హృదయమును బుద్ధిని వేఱుచేయు గీఁత యిందు లేదు. అందుచే భావము ఎమోషనుకంటె విస్తృతమైనదే కాని దానికి సమానార్థకము గాదు.

తెలుఁగు మనశ్శాస్త్రగ్రంథములలో ఎమోషనునకు "ఉద్వేగము" వాడుకలోనికి వచ్చినది. కదలిక యను ధాత్వర్థము రెంటను గలదు. అయినను సంస్కృతమున ఉద్వేగము కలఁతనే యెక్కువగాఁ దెలుపును గనుక, నెమ్మదియైన సంతోషమునకు బాగుగా నొదుగదు. ఫీలింగునకు అనుభూతియు, ప్యాషనునకు ఆవేశమును, హ్యూము ఐడియాకుఁ దలఁపును జెల్లును. సెంటిమెంటునకు సందర్భమే ప్రమాణము. గ్రంథకర్త యొక్కొక్క పదమును దేనికిఁ బ్రతిగా నిలిపెనో చూచి తెలుఁగుపదము నేర్పఱుచుకొన్నచో, విద్యార్థికి మాటతోపాటు వాదమును దక్కును.